చెకుముకి తుపాకి ఎంపిక – 3వ పాఠం: రవ్వలు రాలితే సరిపోదు

పోయిన పాఠంలో కొనేముందు లాక్‌ను (రాయిని ఉక్కుకు కొట్టి రవ్వలు పుట్టించే భాగాన్ని) కొట్టించి చూడమన్నాను. చాలామంది చూశారు. "రవ్వలు బాగానే వచ్చాయి, కొనేశాం, రేంజికి వెళ్తే పేలడం లేదు" అని రాశారు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత మొదలయ్యే ఫ్లింట్‌లాక్ (చెకుముకి తుపాకి) జింకల వేట సీజన్‌కు సిద్ధమవుతున్నవాళ్లకు ఇది నిజంగా టెన్షనే. అందుకే బారెల్ సంగతి చివరికి నెట్టి, మళ్లీ లాక్ దగ్గరికే వస్తున్నాను.

ముందు ఒక మాట. పైరోడెక్స్ (బ్లాక్ పౌడర్‌కు బదులు వాడే తుపాకి మందు) పోసి పేలలేదంటున్నవాళ్లు తుపాకిని తిట్టకండి. అది అంటుకోవడానికి బ్లాక్ పౌడర్ కంటే బాగా ఎక్కువ వేడి కావాలి. లాక్ మీది పళ్లెంలో (రవ్వలు పడి మందు అంటుకునే చిన్న గిన్నెలో) మెరిసే మంట దానికి చాలదు. బారెల్‌లోకి 3ఎఫ్, పళ్లెంలోకి ఇంకా సన్నటి పలుకుల 4ఎఫ్ అసలైన బ్లాక్ పౌడర్ వాడి, అప్పుడు చెప్పండి.

ఇక రవ్వల సంగతి. ఇవి రాయిలోంచి రావు. రాయి అంచు ఫ్రిజెన్ (రాయి కొట్టుకునే, పళ్లేనికి మూతగా కూడా ఉండే పలక) ఉక్కును సన్నగా గీరితే, ఆ తురుము మండి రాలుతుంది, సానరాయి మీద కత్తి పెట్టినప్పటిలాగే. కాబట్టి చూడాల్సింది ఉక్కునే. కొత్త రాయి బిగిస్తే మెత్తటి ఫ్రిజెన్ కూడా మొదటి నాలుగైదు దెబ్బలకు రవ్వలు కురిపిస్తుంది. అమ్మేవాళ్లు చూపించేది ఆ నాలుగైదు దెబ్బలే! తర్వాత రాయి ఉక్కులోకి దిగబడి గాడులు పడతాయి, రవ్వలు ఎర్రగా మారి పళ్లెం చేరకముందే ఆరిపోతాయి. మంచి ఫ్రిజెన్ రవ్వలు తెల్లగా, చిటపటలాడుతూ పళ్లెం అడుగు దాకా వస్తాయి. ఎన్ని వచ్చాయన్నది కాదు, ఎక్కడ పడ్డాయో చూడండి. పగటి వెలుతురులో ఈ తేడా తెలియదు, గదిలో లైటు ఆపి చూడాలి. ఫ్రిజెన్ ముఖం మీద లోతైన గాడులుంటే ధర ఎంత తక్కువైనా నేను ముట్టుకోను. దాన్ని మళ్లీ గట్టిపరచవచ్చు గానీ, అది పనివాడి చేతిలో పని.

రవ్వలు సరిగ్గా పడినా పేలకపోతే, పళ్లెం పక్కన బారెల్‌కున్న రంధ్రం చూడండి. అది పళ్లెం పై అంచుకు దాదాపు సమానంగా ఉండాలి. కిందికి ఉంటే పళ్లెంలో మందు దాన్ని కప్పేస్తుంది, ఒత్తిలా కాలుతూ పోయి ఆలస్యంగా పేలుతుంది. ఆ క్షణంలో గురి కదిలిపోతుంది, జింక గాయపడి వెళ్లిపోతుంది. వెడల్పు అంగుళంలో 16వ వంతు చాలు. వెడల్పు కాస్త అటూఇటూ ఉంటే సరిచేయవచ్చు, చోటు తప్పితే వదిలేయండి.

జనవరి మంచుకు నా చిట్కా ఒకటి. ఫ్రిజెన్ మూసి, పళ్లెం అంచు మీద సన్నని కాగితం పెట్టి లాగండి. అన్ని వైపులా బిగువుగా ఉంటేనే తేమ లోపలికి పోదు.

బారెల్ గురించి క్లుప్తంగా. లోపల తుప్పు చూడమని చెప్పక్కర్లేదు. పెన్సిల్వేనియాలో ఆ సీజన్‌కు .44 లేదా అంతకన్నా పెద్ద క్యాలిబర్ (అంగుళాల్లో బారెల్ లోపలి వెడల్పు) కావాలి. నా ఇష్టం .50. గుడ్డలో చుట్టిన గుండుకు 48 నుంచి 66 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే, గుండును తిప్పే బారెల్ లోపలి గాడులు బాగుంటాయి. 28 అంగుళాల చుట్టున్న బారెల్ పొడవాటి బుల్లెట్ల కోసం చేసింది. 60 గజాలు దాటి నేను కాల్చను.

అభ్యాసం: అమ్మేవాళ్ల అనుమతితో చేయండి. ముందు ర్యామ్‌రాడ్‌ను (గుండును లోపలికి దించే కడ్డీని) బారెల్‌లోకి దించి, మూతి దగ్గర వేలు పెట్టి గుర్తించి, అదే కొలతను బారెల్ బయట పెట్టి చూడండి. కడ్డీ కొస రంధ్రం దాకా చేరకపోతే లోపల మందు, గుండు ఉన్నాయనుకుని ఆపేయండి. ఖాళీ అని తేలాక కళ్లద్దాలు పెట్టుకుని, చీకట్లో రాయి మార్చకుండా, చెక్కకుండా 20 సార్లు కొట్టండి. ప్రతిసారీ రవ్వల రంగు, పడిన చోటు రాసుకోండి. తర్వాత రేంజిలో, బారెల్ ఖాళీగానే ఉంచి, పళ్లెంలో మాత్రం మందు పోసి 10 సార్లు. రెండింటిలో కలిపి మూడుసార్లకు మించి తప్పితే ఆ తుపాకి కొనకండి.