ఎండాకాలంలో విద్యుత్ కారు ప్రయాణం: అనంతపురం దారిలో జాగ్రత్తలు

మార్చి నెలాఖరు నుంచి మే పూర్తయ్యేదాకా అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాలలో పగటి ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీలు దాటుతుంది కనుక, విద్యుత్ కారులో దూరప్రయాణం తలపెట్టినవారు ముందురోజే కొంత లెక్క వేసుకోవాలి. కంపెనీ ప్రకటించే రేంజి, అంటే ఒకసారి నిండా చార్జి చేస్తే కారు నడిచే దూరం, పరీక్షాశాలలో తేలిన అంకె. హైవే మీద అందులో మూడో వంతు తగ్గినా ఆశ్చర్యపడనక్కరలేదు.

రేంజి తగ్గగానే చాలామంది నింద ఏసీ మీద వేస్తారు. నిజానికి హైవేపై చార్జిని ఎక్కువగా తినేది వేగం. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, గంటకు 80 కిలోమీటర్ల వద్ద ఉన్న నిరోధం 100 వద్ద ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఏసీ మాత్రం ఎండలో కాగిన కారును చల్లబరిచే మొదటి కొద్ది నిమిషాలలో రెండు మూడు కిలోవాట్లు లాగినా, ఆ తరువాత సాధారణంగా ఒక కిలోవాటు దరిదాపులకు దిగుతుంది. 80 వేగంతో గంటసేపు నడిస్తే మధ్యరకం కారుకు పది పన్నెండు యూనిట్లు ఖర్చవుతాయనుకుంటే, అందులో ఏసీ వాటా ఒక యూనిట్‌కు అటూ ఇటూ. అందువల్ల పిల్లలనూ వృద్ధులనూ ఉక్కలో కూర్చోబెట్టడం కన్నా వేగాన్ని పది కిలోమీటర్లు తగ్గించుకోవడమే తెలివైన పని. అద్దాలు దించితే గాలి నిరోధం పెరుగుతుంది, పైగా వడగాలి లోపలికి వస్తుంది. కారు చార్జరుకు తగిలించి ఉండగానే, బయలుదేరడానికి పది నిమిషాల ముందు ఏసీ వేసుకుంటే ఆ తొలి భారం చాలావరకు ఇంటి కరెంటు మీదే పడుతుంది.

బెంగళూరు వెళ్లేవారు ఎత్తును మరచిపోతారు. జాతీయ రహదారి 44 చూడటానికి చదునుగానే ఉంటుంది గాని, సముద్రమట్టం నుంచి అనంతపురం ఎత్తు 350 మీటర్ల లోపు, బెంగళూరు ఎత్తు 900 మీటర్ల పైన. మనుషులతో, సామానుతో కలిపి 1,700 కిలోల బరువున్న కారును అంత ఎత్తుకు చేర్చడానికే సుమారు మూడు యూనిట్లు అదనంగా కావాలి. తిరుగు ప్రయాణంలో అందులో కొంత వెనక్కి వస్తుంది. జూన్, జూలై నెలల్లోనైతే నైరుతి గాలి కూడా ఎదురవుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! 80 వేగంతో వెళ్తున్న కారుకు 20 వేగంతో గాలి నేరుగా ఎదురొస్తే, నిరోధం లెక్కలో అది 100తో వెళ్తున్నట్టే.

రాయచోటి నుంచి కడపకు వచ్చేవారు గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేయరాదు. రీజనరేషన్ స్థాయిని పెంచుకుంటే మోటారే కారును నిలువరిస్తూ బ్యాటరీకి కొంత చార్జి చేరుస్తుంది. అయితే బ్యాటరీ నూరు శాతం నిండి ఉంటే ఆ పట్టు బాగా తగ్గుతుందని గుర్తుంచుకుని, బ్రేకు పెడల్ మీద ఆధారపడటానికి సిద్ధంగా ఉండాలి.

టైర్లలో గాలి తెల్లవారుజామున, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ డోరు ఫ్రేము దగ్గర స్టిక్కరుపై రాసిన మేరకు చూసుకోవాలి. మధ్యాహ్నం వేడికి పీడనం పెరిగి కనిపించిందని గాలి తీసేస్తే, చల్లబడ్డాక అది తక్కువై రేంజి తగ్గుతుంది, టైరుకూ ప్రమాదమే. ఖాళీ రూఫ్ క్యారియర్ ఉంటే విప్పేయడం మంచిది.

ఎండలో దూరం నడిచి వచ్చిన కారుకు ఫాస్ట్ చార్జరు తగిలిస్తే, బ్యాటరీ వేడిని బట్టి కారు తనంతట తానే చార్జింగ్ వేగాన్ని తగ్గించుకోవచ్చు. 80 శాతం దాటాక ఎలాగూ నెమ్మదిస్తుంది కనుక, అక్కడితో ఆపి బయలుదేరడం సమయం ఆదా చేస్తుంది. ఇంటి దగ్గర పూర్తిగా నింపవలసి వస్తే ప్రయాణం రోజు తెల్లవారేసరికి పూర్తయ్యేలా పెట్టుకోవాలి; నిండు చార్జితో కారును రోజుల తరబడి ఎండలో వదిలేస్తే బ్యాటరీ త్వరగా అరుగుతుంది.

దారిలోని చార్జరు పనిచేస్తున్నదో లేదో యాప్‌లో చూసుకున్నప్పటికీ, అక్కడికి చేరేసరికి కరెంటు లేకపోవచ్చు, ముందు మరో రెండు కార్లు ఉండవచ్చు. అందుచేత 20 శాతం మిగిలి ఉండగానే చార్జరు చేరేలా, దాని తరువాతి చార్జరు కూడా అందుబాటులో ఉండేలా మజిలీలు నిర్ణయించుకోవాలి.