అమెరికా ఇంటి అద్దెకు రిటర్న్ వేసేముందు జాగ్రత్తలు

డల్లాస్‌లోనో మరోచోటో ఉన్న ఇల్లు అద్దెకిచ్చి హైదరాబాద్ తిరిగొచ్చేసిన వాళ్ల కోసం ఇది. గ్రీన్‌కార్డు, అమెరికా పౌరసత్వం లేక, అక్కడి పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్ అయినవాళ్లకే వర్తిస్తుంది.

• అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మీరేమీ చేయకపోతే ఖర్చులతో సంబంధం లేకుండా మొత్తం అద్దె మీద 30 శాతం పన్ను పడుతుంది. లోన్ వడ్డీ, ప్రాపర్టీ ట్యాక్స్, ఇన్సూరెన్స్, రిపేర్లు మినహాయించుకోవాలంటే, సెక్షన్ 871(డి) (అద్దెను వ్యాపార ఆదాయంలా, ఖర్చులు పోగా లెక్కించమని కోరే అమెరికా పన్ను నిబంధన) ఎంచుకుంటున్నట్టు రాసి, నాన్‌రెసిడెంట్లు వేసే 1040-ఎన్‌ఆర్ రిటర్న్‌కు జతచేయాలి.

• ఇల్లు చూసుకునే మేనేజర్‌కు డబ్ల్యూ-8ఈసీఐ ఫారం (ఈ అద్దెకు పన్ను రిటర్న్‌లో నేనే లెక్కిస్తానని చెప్పే పత్రం) ఇచ్చారా? లేదంటే ఆ మేనేజర్ ప్రతి అద్దెలోంచీ 30 శాతం పన్నుగా పట్టుకోవాల్సి వస్తుంది.

• నష్టమే కదా అని రిటర్న్ మానేయకండి. గడువు దాటి 16 నెలలైతే మినహాయింపుల హక్కే పోవచ్చు. ఎంతోమంది దెబ్బతినేది ఇక్కడే, దయచేసి తేదీ రాసి పెట్టుకోండి.

• తరుగుదల (డిప్రీసియేషన్, ఇల్లు పాతబడే కొద్దీ ఏటా తీసుకునే మినహాయింపు): భూమి విలువ పక్కనపెట్టి, కట్టడం ఖర్చును 27.5 ఏళ్లకు పంచాలి. మీరు తీసుకోకపోయినా, అమ్మేటప్పుడు తీసుకున్నట్టే లెక్కిస్తారు.

• ఇండియా పన్ను లెక్కలో పూర్తి రెసిడెంట్ (రెసిడెంట్ అండ్ ఆర్డినరిలీ రెసిడెంట్) అయ్యాక ఈ అద్దె ఇక్కడా చూపాలి. అక్కడ కట్టిన పన్ను రసీదులు దాచండి, ఆ పన్నును ఇక్కడి పన్నులోంచి తగ్గించుకునే క్రెడిట్‌కు అవే ఆధారం.