సర్వీసులో ఉన్న టీచర్లు టెట్‌కి ఇలా సిద్ధం కండి

మా చీపురుపల్లి వైపు ఏ ఇద్దరు మాస్టార్లు కలిసినా ఇప్పుడు మాట టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) మీదికే పోతోంది. ఇప్పటికే సర్వీసులో ఉన్న టీచర్లూ అది పాసవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది మరి. ఇన్నేళ్లు పాఠాలు చెప్పాక మళ్లీ పరీక్షేమిటన్న బాధ నాకూ ఉంది, అది న్యాయమైన బాధే. ఆ తీర్పును మళ్లీ పరిశీలించమని వేసిన రివ్యూ పిటిషన్ల మీద ఆశ పెట్టుకున్నవాళ్లు పెట్టుకోండి. పుస్తకం మాత్రం ఇవాళే తెరవండి.

ముందు మీ పుట్టినతేదీ చూసుకోండి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, ఆ రోజుకి ఐదేళ్ల కంటే ఎక్కువ సర్వీసు మిగిలి ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. లేకపోతే ఉద్యోగం వదులుకోవాలి. మన ఆంధ్రప్రదేశ్‌లో రిటైర్‌మెంటు 62 ఏళ్లకు కాబట్టి, 1968 సెప్టెంబరు 1 తర్వాత పుట్టి, ఇంకా టెట్ పాసవ్వనివాళ్లందరికీ ఇది తప్పదు. అంతకంటే పెద్దవాళ్లు టెట్ లేకుండానే రిటైరవ్వచ్చు, ప్రమోషన్ మాత్రం ఉండదు. మైనారిటీ విద్యాసంస్థల టీచర్లకు ఇది వర్తిస్తుందా లేదా అన్న సంగతి విస్తృత ధర్మాసనానికి వెళ్లింది.

తర్వాత పేపరు. ఎస్జీటీలకు, అంటే చిన్న తరగతుల టీచర్లకు 1ఎ, స్కూల్ అసిస్టెంట్లకు, అంటే పై తరగతుల సబ్జెక్టు టీచర్లకు 2ఎ, స్పెషల్ ఎడ్యుకేషన్ వాళ్లకు బి పేపర్లు. ప్రమోషన్ మీద కన్నున్న ఎస్జీటీలు 2ఎ కూడా రాయండి. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా మీడియం టీచర్లు మొదటి భాషగా ఒడియా పెట్టుకోవచ్చు.

ఏ పేపరైనా 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 వస్తే పాస్. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు.

అందరికీ టెన్షన్ సైకాలజీ దగ్గరే. నిజానికి మనకి బాగా కలిసొచ్చేది అదే. ఒకటో తరగతి గుంటడు బెంచీ తగిలి పడ్డాడు. లేచి ఏడుస్తూ ఆ బెంచీనే రెండు దెబ్బలు కొట్టాడు. దానికీ నొప్పి పుడుతుందని వాడి నమ్మకం. మనస్తత్వవేత్త పియాజె దీన్ని సర్వాత్మవాదం అన్నాడు, పూర్వ ప్రచాలక దశలో, అంటే రెండు నుంచి ఏడేళ్ల మధ్య, ఉంటుందన్నాడు. డీఎడ్ ట్రైనింగ్‌లో బట్టీ పట్టిన ఈ పేరు మర్చిపోయి ఉంటాం కానీ, పిల్లాణ్ణి రోజూ చూస్తూనే ఉన్నాం. కాబట్టి ఒక నోట్‌బుక్ పెట్టండి. ఎడమ పేజీలో మీ తరగతిలో చూసింది, కుడి పేజీలో పుస్తకంలో దాని పేరు. పియాజె, వైగాట్‌స్కీ, కోల్‌బర్గ్, థార్న్‌డైక్ లాంటి మనస్తత్వవేత్తల సిద్ధాంతాలు ఇలా చదివితే మళ్లీ మర్చిపోరు. కోచింగ్ మెటీరియల్ కంటే ఈ నోట్‌బుక్ మీదే నాకు నమ్మకం.

కష్టమల్లా మన సబ్జెక్టు కానిదానితోనే. బయాలజీ టీచరుకి 2ఎలో లెక్కలు కూడా వస్తాయి. తెలుగు పండితులకు ఇంగ్లిష్ 30 మార్కులు తప్పవు. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే మొహమాటపడకుండా వాళ్ల దగ్గర కూర్చోండి. మిగతాదానికి మన స్కూలు పాఠ్యపుస్తకాలే ఆధారం. ఎస్జీటీలు మూడు నుంచి పై తరగతులవి ముందేసుకుని, పాఠం చివరి అభ్యాసాలతో సహా చేయండి.

పరీక్ష కంప్యూటర్ మీద. మౌస్ అలవాటు లేని మేడమ్‌లు, మాస్టార్లు టెట్ వెబ్‌సైట్‌లో పెట్టే మాక్ టెస్టును రెండు మూడుసార్లు చేసి చూడండి. నోటిఫికేషన్ రాగానే అప్లై చేయండి, ఆలస్యమైతే దగ్గర సెంటర్లు నిండిపోతాయి. పేరు, పుట్టినతేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా కొట్టండి.

పాసైతే ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. కాపీ తీసి ఎంఈఓ (మండల విద్యాశాఖాధికారి) ఆఫీసులో ఇచ్చి, సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ పడిందో లేదో మీ కళ్లతో చూసుకుని రండి.