పాట ఉంది, గొంతు లేదు: చిన్న స్పీకర్‌తో నా అనుభవం

నాన్న ఎంపీ3 ప్లేయర్‌లో బ్లూటూత్ లేదు. అందుకే ఆక్స్ రంధ్రం (వైరు పిన్ను గుచ్చే చోటు) ఉన్న అరచేతి సైజు స్పీకర్ కొన్నాను. పెట్టగానే వాయిద్యాలు వినిపిస్తున్నాయి, పాడేవాళ్ల గొంతు మాత్రం ఎక్కడో బావిలోంచి వస్తోంది. కుడి, ఎడమల్లో ఒకే శబ్దం ఉండే పాత మోనో పాటలైతే దాదాపు నిశ్శబ్దమే!

ఈక్వలైజర్ మార్చాను, ఛార్జింగ్ నింపాను, పాటలు మళ్లీ ఎక్కించాను. లాభం లేదు.

చివరికి వైరు పిన్ను చూశాను. దాని మీద మూడు నల్ల గీతలున్నాయి, అంటే మైకు ఉన్న ఇయర్‌ఫోన్లకు వాడే రకం. ముందు ప్లేయర్ రబ్బరు కవర్ తీసేశాను. దాని అంచు మందం వల్ల పిన్ను పూర్తిగా దిగడం లేదు. తర్వాత రెండు గీతల స్టీరియో వైరు తెచ్చి, రెండు వైపులా టక్కుమనేదాకా నొక్కాను. గొంతు వచ్చేసింది! గ్రౌండ్, అంటే కుడి, ఎడమలకు ఉమ్మడిగా ఉండే తీగ, సరిగా తగలకపోతే ఆ రెండు శబ్దాల మధ్య తేడా మాత్రమే వినిపిస్తుందట. గొంతు సాధారణంగా రెండిట్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి అదే ముందు మాయమవుతుంది.

పని చేసింది కవరు తీయడమా, వైరు మార్చడమా అన్నది విడిగా పరీక్షించలేదు. నాన్న అప్పటికే పాటల్లో మునిగిపోయారు, మళ్లీ పీకే ధైర్యం చాల్లేదు. మీ స్పీకర్‌లో గరగర శబ్దం వస్తుంటే అది వేరే గొడవ. కొనేముందు మాత్రం మీ ప్లేయర్, మీ వైరు పట్టుకెళ్లి షాపులోనే ఒక పాట వినండి.