ఆపరేషన్ తర్వాత దుబాయ్ నుంచి విమానం ఎక్కాలంటే: నా అనుభవం

పిత్తాశయం తీయించుకున్న నాలుగో రోజున హైదరాబాద్ విమానానికి వెళ్లాను. వీల్‌చైర్ అడిగాను, కారణం తెలియగానే చెక్‌ఇన్ కౌంటర్‌లో ఆపేశారు. డిశ్చార్జి కాగితం, మందుల చీటీ, బతిమాలడం, ఏదీ పనిచేయలేదు.

టికెట్ మార్చుకున్నాక ముందుగా విమాన సంస్థ నుంచి మెడిఫ్ ఫారం, అంటే ప్రయాణికుడి ఆరోగ్య వివరాలు డాక్టరు నింపి ఇచ్చే పత్రం, తెప్పించుకున్నాను. ఆపరేషన్ చేసిన డాక్టరు చేతనే నింపించాను: ల్యాప్రోస్కోపీ (చిన్న కోతలతో చేసే ఆపరేషన్) అని, చేసిన తేదీ, ప్రయాణం చేయవచ్చన్న మాట, కింద సంతకం, ముద్ర. ముద్ర మసకగా పడితే మళ్లీ వేయించాను, చాదస్తమే అనుకోండి. మూడు రోజుల ముందే మెయిల్‌లో పంపి, వచ్చిన అనుమతిని ప్రింటు తీసి పాస్‌పోర్టులో పెట్టుకున్నాను. కౌంటర్‌లో ఈసారి రెండే నిమిషాలు.

నాది చిన్న కోతల ఆపరేషన్, సుమారు నాలుగు గంటల ప్రయాణం. పొట్ట తెరిచి ఆపరేషన్ చేయించుకున్నవారు ఇంకా ఎక్కువ రోజులు ఆగాల్సి రావచ్చు. నియమాలు కూడా అన్ని సంస్థల్లో ఒకేలా ఉండవు.