విదేశాలకు డాలర్లు నలగకుండా తీసుకెళ్లడం ఎలా?

కంబోడియాలో అక్కడి కరెన్సీ రియల్‌తో పాటు అమెరికా డాలర్ కూడా రోజువారీ బేరాల్లో నడుస్తుంది. అక్కడి పురాతన ఆలయం అంగ్‌కోర్ వాట్ టికెట్ ధర కూడా డాలర్లలోనే, ఒక రోజుకు 37. కానీ అంచు కాస్త చిరిగిందంటే ఆ నోటును టుక్‌టుక్ అతను కూడా ముట్టుకోడు. బాలిలో మనీ చేంజర్లు ఇంకా ఘోరం. పెన్ను గీత కనబడితే వెనక్కి తోసేస్తారు, లేదా రేటు కోసేస్తారు. 1861 నుంచి అమెరికా ప్రభుత్వం అచ్చువేసిన ప్రతి నోటూ ఇప్పటికీ చెల్లుతుందని వాళ్లతో వాదించి లాభం లేదు. మాట నిజమే గానీ, కౌంటర్ వెనకున్న మనిషి చూసేది ఒకటే: ఈ నోటు తన దగ్గర మళ్లీ ఎవరైనా తీసుకుంటారా, లేదా?

ముందు కొనడం. పాస్‌పోర్టు, పాన్ కార్డు, టికెట్ పట్టుకుని లైసెన్సు ఉన్న మనీ చేంజర్ దగ్గరికి వెళ్లండి. రూ. 50,000 దాటితే డబ్బు బ్యాంకు ద్వారా కట్టాలి. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం చాలా దేశాలకు ఒక ప్రయాణానికి నోట్ల రూపంలో 3,000 డాలర్ల వరకే ఇస్తారు, మిగతాది ఫారెక్స్ కార్డులో, అంటే ముందే విదేశీ డబ్బు నింపి వాడుకునే కార్డులో వేసుకోవచ్చు. ఎక్కువ మొత్తం 100 డాలర్ల నోట్లలో, చిల్లరకు కొన్ని 1, 5 నోట్లు. 50, 20 నోట్లు అడగకండి. బాలి లాంటి చోట్ల 100 నోటుకు ఇచ్చే రేటు వాటికి ఇవ్వరు.

అసలు పని కౌంటర్ దగ్గరే ఉంది. అందరూ తప్పు చేసేదీ అక్కడే. బండి దగ్గర బెండకాయ కొన తుంచి చూడనిదే కొనని మనం, లక్షల విలువైన నోట్లను లెక్క సరిపోయిందో లేదో చూసి కవర్లో పెట్టేసుకుంటాం. అలా వద్దు. కట్ట విప్పి ఒక్కో నోటునూ రెండు వైపులా చూడండి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సూది మొనంత బెజ్జాలు కూడా బయటపడతాయి. స్టేపుల్ కొట్టిన గుర్తులు అవే. మధ్య మడత చివర్లను వేలితో తడమండి, చీలిక మొదలయ్యేది అక్కడే. నాలుగు మూలలూ ఉన్నాయా? ఎవరైనా లెక్క రాసుకున్న అంకె ఉందా? కొన్ని దేశాల్లో వ్యాపారులు నోటు సరిచూసిన గుర్తుగా చిన్న సిరా ముద్ర కొడతారు. అది గోరంత ఉన్నా ఆ నోటు వద్దు.

తర్వాత సిరీస్, అంటే నోటు పాత డిజైనా కొత్తదా అన్నది. 100 నోటు మధ్యలో నీలం పట్టీ కనబడాలి. నోటును అటూ ఇటూ వంచితే అందులోని గంట బొమ్మలు, 100 అంకెలు కదులుతాయి. ఈ డిజైన్ 2013 అక్టోబరులో బయటికొచ్చింది. పట్టీ లేని పాత నోటు ఎంత కొత్తగా మెరుస్తున్నా తీసుకోకండి. 1 డాలర్ నోటుకు ఈ గొడవ లేదు, దాని డిజైన్ దశాబ్దాలుగా అదే.

మీరు ఇలా చూస్తుంటే కౌంటర్‌లో అబ్బాయి విసుక్కుంటాడు. "అన్నీ చెల్లుతాయండీ" అంటాడు. వెనక లైన్లో ఉన్నవాళ్లు గొణుగుతారు. అయినా కదలకండి. మార్చమని అడగాల్సింది అప్పుడే. గుమ్మం దాటాక ఆ నోటు వాళ్లదని ఎవరూ ఒప్పుకోరు. ఎయిర్‌పోర్టులో కొనొద్దనేది కూడా ఇందుకే. రేటు సంగతి అలా ఉంచి, బోర్డింగ్ టెన్షన్లో నోట్లు చూసే ఓపిక ఎవరికుంటుంది? ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచీ కొనొచ్చు కాబట్టి, తీరిగ్గా వారం ముందే వెళ్లండి. రసీదు దాచుకోండి.

ఇక దాచే పద్ధతి. డాలర్ నోటు పొడవు 15.6 సెంటీమీటర్లు, మడత పర్సులో మడవకుండా పట్టదు. ఇంట్లో అయిపోయిన చెక్కుబుక్కు ఉంటే దాని కవరే దీనికి సరైనది. నోటు కంటే చెక్కు పొడవూ వెడల్పూ ఎక్కువే కాబట్టి చదునుగా కూర్చుంటుంది. పైనా కిందా ఒక్కో తెల్ల కాగితం పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకోండి, చెకిన్ సామానులో మాత్రం కాదు. నడుముకు కట్టుకునే మనీ బెల్టు భద్రమని చాలామంది అంటారు. ఏప్రిల్ ఎండలో అంగ్‌కోర్ వాట్ పక్కనున్న సియెమ్ రీప్ ఊళ్లో పూట తిరిగితే చాలు, అందులోని నోట్లు చెమటకు మెత్తబడి ముడుచుకుపోతాయి. రబ్బరు బ్యాండు అంచులు కొరుకుతుంది. సెల్లోటేపు అంటించిన నోటు చినిగిన నోటు కిందే లెక్క. ఇస్త్రీ చేసే మహానుభావులూ ఉన్నారు, దయచేసి వద్దు.

అక్కడికెళ్లాక రోజుకు సరిపడా తీసి వేరే జేబులో పెట్టుకోండి, చెక్కుబుక్కు కవరు రోడ్డు మీద తెరవొద్దు. తడి వేలితో లెక్కపెట్టే అలవాటుంటే మానుకోండి. చిల్లర తీసుకునేటప్పుడు కూడా చిరిగిన డాలర్ ఇస్తే అక్కడే వెనక్కివ్వండి. కంబోడియాలో తమకు వద్దన్న నోట్లను టూరిస్టులకు సర్దేయడం మామూలే. అప్పుడు రియల్స్ అడగండి, సుమారు 4,000 రియల్స్ ఒక డాలర్.

మిగిలిన నోట్లు 2,000 డాలర్ల వరకు మన దగ్గరే ఉంచుకోవచ్చు. అంతకు మించినవి తిరిగొచ్చిన 180 రోజుల్లో అమ్మేయాలి. ఉంచుకునేవాటిని మళ్లీ అదే కవర్లో, అదే కాగితాల మధ్య పెట్టి బీరువాలో పడేయండి. పక్కన కలరా ఉండలు మాత్రం పెట్టకండి.