జెట్ బోటు మీంచి స్టీల్‌హెడ్ చేపను గాలానికి పట్టడం ఎలా?

గోదావరికి ఎదురీదే పులస గురించి తెలిసినవాళ్లకు స్టీల్‌హెడ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రెయిన్‌బో ట్రౌట్ జాతిదే. సముద్రానికి వెళ్లి పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన ఏటికే తిరిగొస్తుంది. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, క్లియర్‌వాటర్ నది స్నేక్ నదిలో కలిసే లూయిస్టన్ ఊరు పసిఫిక్ సముద్రానికి నది వెంబడి దాదాపు 750 కిలోమీటర్ల దూరం. మధ్యలో 8 డ్యాములు. వాటి పక్కన చేపల కోసం కట్టిన మెట్లు ఎక్కుతూ అక్కడిదాకా వస్తుంది. అంత ప్రయాణం చేసిన చేప కాబట్టి పట్టేటప్పుడూ వదిలేటప్పుడూ దానికి గౌరవం ఇవ్వాలి.

బయల్దేరే ముందు

సెప్టెంబరు నుంచి చేపలు వస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో జోరుగా ఉంటాయి. ఐడహో ఫిషింగ్ లైసెన్స్‌తో పాటు స్టీల్‌హెడ్ పర్మిట్ విడిగా తీసుకోవాలి. రోజుకు ఎన్ని ఉంచుకోవచ్చు, నదిలో ఏ భాగంలో మోటారు పడవ మీంచి గాలం వేయనిస్తారు అన్నవి ఏటా మారొచ్చు, సీజన్ మధ్యలోనూ మారొచ్చు. వెళ్లే ముందు రోజు చూసుకోండి. గాలానికి వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును కటింగ్ ప్లయర్‌తో నొక్కేయండి. చన్నీళ్లలో పడితే చేతులు నిమిషాల్లో కొయ్యబారిపోతాయి, అందుకే లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి.

పడవ తీరు తెలుసుకోండి

జెట్ బోటుకు నీళ్లలో తిరిగే ప్రొపెల్లర్ ఉండదు. అడుగున ఉన్న జాలీలోంచి నీళ్లు లాగి, వెనక నాజిల్‌లోంచి బలంగా చిమ్ముతుంది. న్యూజిలాండ్‌లోని లోతు తక్కువ నదుల కోసం విలియం హామిల్టన్ 1950ల్లో ఈ పద్ధతికి రూపం ఇచ్చాడు. పడవ అల్యూమినియంతో చేయడానికి కారణం రాళ్లే. తగిలితే సొట్ట పడుతుంది గానీ ఫైబర్‌లా పగలదు.

ఒక్క సంగతి మాత్రం బాగా గుర్తుంచుకోండి. పడవను తిప్పేది ఆ చిమ్మే నీరే. రాయి కనపడగానే టెన్షన్‌తో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే స్టీరింగ్ పనిచేయదు, పడవ నేరుగా రాయి మీదకే పోతుంది. కొంచెం యాక్సిలరేటర్ ఉంచే తిప్పాలి. వేగంలో ఉన్నప్పుడు పైకి తేలి చాలా తక్కువ నీళ్లలోనూ పోతుంది, వేగం తగ్గగానే కిందికి దిగి గులకరాళ్లు పీల్చుకుంటుంది. అందుకే ఆగేది ఎప్పుడూ లోతు నీళ్లలోనే.

చేప ఉండే చోటు

మనిషి నడిచేంత వడితో పారే నీరు, నాలుగు నుంచి ఎనిమిది అడుగుల లోతు, అడుగున పెద్ద రాళ్లు ఉన్న చోటు చూడండి. వడి నీరూ నిదానపు నీరూ కలిసే గీత, మడుగు ముగిసి మళ్లీ లోతు తగ్గే చోటు నాకు అన్నిటికన్నా నమ్మకం.

గాలం వేయడం

పెద్ద ఇంజిన్ ఆపి, వెనకున్న చిన్న మోటారు వేయండి. పడవ ముక్కు ఎగువకు ఉండాలి. చిన్న చేపలా ఉండే ప్లాస్టిక్ ప్లగ్‌లను దిగువకు 50 అడుగుల దాకా వదలండి. అన్ని లైన్లూ ఒకే పొడవు ఉండాలి, అప్పుడే అవి పక్కపక్కన వరసగా దిగుతూ చేపకు అడ్డొస్తాయి. ఇప్పుడు ప్రవాహం కన్నా కాస్త తక్కువ బలంతో మోటారు నడపండి. గట్టు మీద ఒక చెట్టును గుర్తు పెట్టుకుంటే పడవ ఎంత మెల్లగా దిగువకు జారుతోందో తెలుస్తుంది. అసలు పనితనమంతా ఇక్కడే. పడవ నీటితో సమానంగా పోతే ప్లగ్ పైకి తేలిపోతుంది. పడవ నీటి కన్నా మెల్లగా జారితేనే ప్లగ్‌కు ప్రవాహం తగిలి కిందికి మునిగి ఊగుతుంది.

రాడ్ కొనను చూస్తూ ఉండండి. టకటకా సన్నగా అదురుతుంటే ప్లగ్ బాగా ఆడుతున్నట్టు. ఆ అదురు ఆగిందంటే ఆకో నాచో చిక్కినట్టే, లాగి శుభ్రం చేయాలి. చేప కొట్టినప్పుడు రాడ్ పట్టుకుని గుంజకండి. రాడ్ బాగా వంగి, రీల్ లోంచి దారం జరజరా పోయేదాకా ఆగి అప్పుడు ఎత్తండి. తొందరపడితే నోట్లోంచి ఊడిపోతుంది.

ప్లగ్ పని చేయకపోతే జెన (చేప గుడ్లు) గానీ రొయ్య గానీ గాలానికి గుచ్చి, పడవను నీటితో పాటు వదిలేసి చూడొచ్చు.

లంగరు వేయాల్సి వస్తే పడవ ముక్కు నుంచే వేయండి. వెనక నుంచి వేస్తే ప్రవాహం పడవ వెనక భాగాన్ని కిందికి లాగి, నీళ్లు లోపలికొచ్చి క్షణాల్లో ముంచేస్తుంది. తాడును వెంటనే విప్పుకునే ఏర్పాటు ఉండాలి.

చేప దగ్గరకొచ్చాక

రబ్బరు వలలోకి తీసుకుని నీళ్లలోనే ఉంచండి. వీపు రెక్కకూ తోకకూ మధ్య చిన్న కండ రెక్క ఉందా చూడండి. లేకుండా, కోసిన చోట మానిన గాటు ఉంటే అది హేచరీలో (చేపపిల్లల్ని పెంచే కేంద్రంలో) పెంచి, గుర్తు కోసం రెక్క కోసి వదిలింది, ఉంచుకోవచ్చు. రెక్క ఉంటే ఏట్లోనే పుట్టినది, వదిలేయాల్సిందే. స్నేక్ నది పరివాహకంలోని ఈ చేపలు 1997 నుంచి ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉన్నాయి. మొప్పలు ముట్టుకోకుండా గాలం తీసి, తల ఎగువకు పెట్టి, తనంతట తాను తోక ఆడించి వెళ్లేదాకా పట్టుకోండి. ఫొటో కోసం పైకెత్తి ఆలస్యం చేయకండి. ఉంచుకున్న చేపనైతే అక్కడికక్కడే పర్మిట్‌లో నమోదు చేసి ఐసులో పెట్టాలి.